సముద్రాన్ని మర పట్టిందెవరు?

హెరింగ్ గల్ అనే సముద్రపక్షికి తిండికి కరువేమిటి! పడవ రేవు చేరకముందే చుట్టూ మూగి, వల విదిలిస్తే రాలిన చేపను ఎగరేసుకుపోతుంది. ఆలిచిప్పను పైనుంచి రాతి మీద జారవిడిచి పగలగొట్టుకు తింటుంది. చెత్తకుప్పనూ వదలదు. బాల్టిక్ తీరంలో అంతటి గడుసుపిండం మరొకటి ఉండదేమో. అలాంటి పక్షి స్వీడన్ దక్షిణాన బ్లెకింగె తీరంలో నేలకూలిపోయింది.

ముందు పట్టు తప్పేవి రెక్కలు. ఒంటిని అంటుకుని ఉండాల్సినవి కిందికి వేలాడతాయి, ముడుచుకుందామంటే ముడుచుకోవు. తర్వాత ఎగరలేదు. ఆపైన నడవలేదు. నీళ్లు నాలుగడుగుల దూరంలో ఉన్నా అందవు. అలా పడి ఉండగానే ప్రాణం పోతుంది.

స్టాక్‌హోమ్ విశ్వవిద్యాలయానికి చెందిన లెనార్ట్ బాల్క్ బృందం 2009లో ఈ చావుల వెనక ఉన్నది థయమిన్, అంటే విటమిన్ బి1 లోపమని ప్రకటించింది. గల్స్‌లోనే కాదు, మన గోరింకలకు చుట్టమైన స్టార్లింగుల్లోనూ, ఈడర్ బాతుల్లోనూ ఆ లోటు కనిపించింది. కదల్లేని పక్షులకు థయమిన్ ఇచ్చి చూస్తే కోలుకున్నాయి. కాదు, ఇది బాచులిజం అనే బ్యాక్టీరియా విషమే అన్న పశువైద్యులూ ఉన్నారు. ఆ మాటను కొట్టిపారేయలేం కానీ, లేచి నిలబడిన పక్షి సాక్ష్యం నాకు బలంగానే తోస్తుంది.

పక్షి కాళ్లు ఇలా చచ్చుబడటం కొత్త కాదు. 19వ శతాబ్దం చివర్లో జావాలో డచ్చి వైద్యుడు ఐక్‌మన్ పెంచిన కోళ్లు, సైనిక ఆసుపత్రి వంటశాలలో మిగిలిన తెల్లన్నం తిని కూలబడ్డాయి. తవుడు పోని ముడి బియ్యం పెడితే లేచాయి. మన ఉత్తర సర్కారు జిల్లాలను ఒకప్పుడు పీడించిన బెరిబెరి గుట్టు అక్కడే వీడటం మొదలైంది. బియ్యం మర పట్టడంతో కోళ్ల తిండిలో తవుడు పోయింది, సరే. సముద్రాన్ని మర పట్టిందెవరు? బాల్క్ బృందానికీ అది తేలలేదు.

అదే సముద్రంలో సాల్మన్ చేపపిల్లలు 1974 నుంచీ ఈ లోటుతోనే చస్తున్నాయి. హేచరీల్లో వాటిని థయమిన్ కలిపిన నీళ్లలో ముంచి బతికిస్తున్నారు. రాళ్ల మధ్య గుడ్డు పెట్టే గల్‌కు హేచరీ లేదు. తల్లి ఒంట్లో లేనిది పచ్చసొనలోకి రాదు. బాల్క్ బృందం పరీక్షించిన గుడ్లలో థయమిన్ అప్పటికే తగ్గిపోయి ఉంది.