నీలోఫర్: ఆసుపత్రి పేరు వెనక మనిషి

మా ఇపోలో పెద్దాసుపత్రికి ఒక రాణి పేరుంది, రాజా పెర్మైసూరి బైనున్. హైదరాబాదులో కూడా ఒక రాజకుటుంబం కోడలి పేరుతో ఆసుపత్రి ఉంది, నీలోఫర్. రెడ్‌హిల్స్‌లో ఉండే పిల్లల ఆసుపత్రి అది. మలేషియా తెలుగువాళ్లలో చాలామంది శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి వచ్చినవాళ్లం కదా, నైజాం కథలు మన ఇళ్లల్లో వినపడవు. నేను ఈమధ్యే చదివాను.

నీలోఫర్ 1916లో ఇస్తాంబుల్‌లో పుట్టారు. ఒట్టోమన్ సుల్తాన్ అయిదో మురాద్‌కి మునిమనవరాలు. చిన్నప్పుడే తండ్రి పోయారు. 1924లో కొత్త టర్కీ ప్రభుత్వం రాజవంశాన్ని దేశం నుంచి పంపేసింది. తల్లీ కూతుళ్లు ఫ్రాన్సులోని నీస్ చేరారు. 1931 నవంబరులో అక్కడే ఏడో నిజాం రెండో కొడుకు మొజ్జం జాతో పెళ్లయింది. (హైదరాబాదులో మొజంజాహీ మార్కెట్ ఆయన పేరు మీదే.) ఆవిడకి అప్పటికి పదహారేళ్లు కూడా నిండలేదు.

ఇక్కడ ఒక మాట నేర్చుకోండి: ఘోషా. ఆడవాళ్లు పరాయి మగవాళ్లకి కనపడకుండా తెర వెనక ఉండటం. విశాఖపట్నంలో ఆడవాళ్ల ఆసుపత్రిని ఇప్పటికీ ఘోషా ఆసుపత్రి అంటారు. నిజాం ఇంటి ఆడవాళ్లు కూడా ఘోషాలోనే ఉండేవారు. నీలోఫర్ ఉండలేదు. చీర కట్టుకుని విందులకీ సభలకీ వెళ్లేవారు, ఫొటోలు దిగేవారు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో నర్సు పని కూడా నేర్చుకున్నారు.

నెట్‌లో వెతికితే ముందు ఆవిడ అందం, ఆ చీరలే వస్తాయి. నాకూ ఆ ఫొటోలు ఇష్టమే. కానీ నీస్‌లో పెరిగిన అమ్మాయికి తెర తీయడం అంత కష్టం కాదేమో. అసలు కష్టం వేరే ఉంది. ఆవిడకి పిల్లలు పుట్టలేదు. 1948లో భర్త ఇంకో పెళ్లి చేసుకున్నారు.

ఇలాంటి ఆడవాళ్లని మన భాషలో ఒక మాట అంటారు, గొడ్రాలు. ఒక పెళ్లిలో ఎవరో మా పెద్దమ్మ వెనక ఆ మాట అన్నారు. నాకు అర్థం కాలేదు, ఇంటికొచ్చి నిఘంటువు చూశాను. దగ్గర్లోనే 'గొడ్డు' ఉంది, పశువు అని కూడా అర్థం ఇచ్చారు. రోజూ కొత్త మాటలు రాసుకునే నోట్‌బుక్కులో ఆ మాట మాత్రం రాసుకోలేదు.

1949లో నీలోఫర్ దగ్గర పనిచేసే రఫత్ అనే ఆమె కాన్పులో చనిపోయింది. రాజకుమారికి డాక్టర్లు ఉన్నారు, పనిమనిషికి లేరు. నీలోఫర్ ఊరుకోలేదు. తల్లులకీ పిల్లలకీ ఒక ఆసుపత్రి కావాలని పట్టుబట్టారు. అది 1953లో తెరిచారు. అప్పటికి ఆవిడ ఆ ఇంటి కోడలు కూడా కాదు, 1952లోనే విడాకులయ్యాయి. పేరు మాత్రం ఉండిపోయింది. నీలోఫర్ అంటే పారసీలో కలువ. ఆ మాట మన నీలోత్పలం నుంచే వెళ్లిందట, నాకు భలే అనిపించింది.

తర్వాత ఆవిడ పారిస్‌లో ఉన్నారు. 1963లో ఎడ్వర్డ్ పోప్ అనే అమెరికా ఆయన్ని పెళ్లి చేసుకున్నారు. అప్పటికి ఆవిడకి 47 ఏళ్లు. ఆ వయసులో, విడాకుల తర్వాత, వేరే మతం మనిషితో పెళ్లి! మన ఇళ్లల్లో ఇప్పుడైనా ఎంత గొడవవుతుందో మీకు తెలుసు. 1989లో పారిస్‌లోనే కన్నుమూశారు.

పోయిన ఆదివారం ఇదంతా పెద్దమ్మకి ఫోన్లో తెలుగులోనే చెప్పాను. మధ్యలో రెండు మూడు చోట్ల ఆగిపోతే ఆవిడే మాట అందించింది. ఆసుపత్రి దాకా వచ్చేసరికి కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మరి ఆ రఫత్ బిడ్డని ఎవరు పెంచారురా?" అని అడిగింది.