తోళ్ల వ్యాపారి నోట సువార్త



"అయ్యగారూ, ప్రసంగం చెప్పడం మీ పని. మాకు చదువు లేదు, నలుగురిలో నోరు తెరవాలంటే భయం." మన సంఘాల్లో ఈ మాట తరచుగా వింటాం. ఆ మాటలో తప్పు పట్టాల్సిందేమీ లేదు, ఆ భయం నిజమైనదే. అయితే మన తెలుగు నేలకు సువార్త ఎవరి నోట, ఏ దారిన వచ్చిందో ఒకసారి వెనక్కి చూద్దాం. అప్పుడు ఆ భయానికి జవాబు మన తాతముత్తాతల దగ్గరే దొరుకుతుంది.

ముందుగా లేఖనం చూడండి. అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయంలో యెరూషలేము సంఘానికి పెద్ద హింస వచ్చింది. అపొస్తలులు పట్టణంలోనే ఉండిపోయారు, మిగిలిన విశ్వాసులు చెదరిపోయారు. వాక్యాన్ని ఊరూరా మోసుకెళ్లింది ఆ చెదరిపోయినవారే. 11వ అధ్యాయానికి వస్తే, అంతియొకయలో గ్రీకువారికి మొదట ప్రభువును గూర్చి చెప్పిన కుప్ర, కురేనీ మనుషుల పేర్లు కూడా లూకా రాయలేదు. పౌలును పంపిన గొప్ప సంఘం పేరు తెలియని మనుషుల మాటతో మొదలైంది.

మన దగ్గర కూడా ఇలాగే జరిగింది. అమెరికన్ బాప్టిస్టు మిషన్ 1836లో తెలుగువారి మధ్య పని మొదలుపెట్టి, 1840 నుండి నెల్లూరును కేంద్రంగా చేసుకుంది. ఏళ్లు గడిచినా నమ్మినవారు బహు కొద్దిమంది. 1853లో ఆ మిషన్ పెద్దలు అమెరికాలో కూడి, ఈ పనిని ఇక మూసివేద్దామా అని చర్చించుకున్నారు. "ఒంటరి నక్షత్రం" అనే పేరు దానికి అప్పుడు వచ్చిందే. మరుసటి ఏడు, 1854 జనవరి 1 తెల్లవారుజామున, ఒంగోలులో ఒక కొండ మీద అయిదుగురు మోకరించారు. ఆ చోటును మనం నేటికీ ప్రార్థన కొండ అంటున్నాం. జువెట్ దొరగారి పేరు అందరికీ గుర్తుంది. కానీ ఆ అయిదుగురిలో దొరగారు, దొరసానిగారు పోగా మిగిలిన ముగ్గురు మనవారే: నరసు, జూలియా, రూతు. సంఘం అంటూ లేని ఊరి కోసం వారు ప్రార్థించారు.

ఆ ప్రార్థనకు జవాబు ఒక తోళ్ల వ్యాపారి రూపంలో వచ్చింది.

ఆయన పేరు యర్రగుంట్ల పేరయ్య. ఒంగోలుకు సుమారు 40 మైళ్ల దూరంలో, కనిగిరి వైపున్న తలకొండపాడు ఆయన ఊరు. మాదిగ కుటుంబంలో పుట్టినవాడు. తోళ్లు కొని అమ్మే పని కాబట్టి ఊరూరా తిరిగేవాడు, ప్రతి పల్లెలో బంధువులూ ఎరిగినవారూ ఉండేవారు. దేవుణ్ణి వెదకడం కూడా ఆయనకు కొత్త కాదు. అంతకుముందే రాజయోగం నేర్చిన గురువుల దగ్గర కూర్చున్నాడు, తాను నేర్చుకున్నది ఇతరులకూ నేర్పాడు. బేరం మీద ఏలూరు వైపు వెళ్లినప్పుడు అక్కడ మిషనరీల నోట ఒకే నిజదేవుణ్ణి గూర్చి, యేసును గూర్చి విన్నాడు. ఆ మాట ఆయన్ను వదలలేదు.

ఇంటికి వచ్చి ఏం చేశాడు? ఎవరో బోధకుడు వస్తాడని చేతులు కట్టుకుని కూర్చోలేదు. మొదట ఇంట్లోవారికి, తరువాత బంధువులకు, ఆ తరువాత తోళ్ల కోసం వెళ్లిన ప్రతి పల్లెలో తెలిసినవారికి, తాను విన్నంత మట్టుకు చెప్పాడు. అప్పటికి ఆయన ఇంకా బాప్తిస్మం పొందలేదు. బోధకులను తయారుచేసిన రామాయపట్నం సెమినరీ మొదలైంది 1872లో. అంటే ఈయన సాక్ష్యానికి ఏ సర్టిఫికెట్టూ లేదు.

1866లో పేరయ్య, ఆయన భార్య నాగమ్మ ఒంగోలుకు వచ్చి, జువెట్ దొరగారి చేత బాప్తిస్మం పొందారు. అదే ఏడు క్లౌ దొరగారు ఒంగోలులో కాపురం పెట్టారు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఏర్పడినప్పుడు సభ్యులు 8 మంది మాత్రమే. ఆ నెలలోనే క్లౌగారు తలకొండపాడుకు వెళ్లి చింతతోపులో గుడారం వేసుకున్నారు. చుట్టుపక్కల పల్లెల నుండి జనం కొన్ని రోజులకు సరిపడా తిండి మూటగట్టుకుని వచ్చారు. కొద్ది రోజులు వాక్యం విని, 28 మంది బాప్తిస్మం పొందారు. దొరగారు తెలుగు నేలకు వచ్చి అప్పటికి రెండేళ్లు కూడా నిండలేదు. ఆ మనుషుల హృదయాలను అంతకుముందే సిద్ధపరచినవాడు పేరయ్య.

అయితే ఆ తరువాతి కథ సుఖంగా సాగలేదు. నమ్మినవారు మూడు విషయాల్లో గట్టిగా నిలబడాలని తీర్మానించుకున్నారు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహారాధనలో పాలు పొందకూడదు. ఆ రోజుల్లో మాదిగపల్లె బతుకంతా ఊరి పెద్దల చేతిలోనే ఉండేది. జాతరకు డప్పు కొట్టం అన్నా, ఆదివారం వెట్టికి రాం అన్నా పెద్దలకు అది తిరుగుబాటే. అందుకని పనులు పోయాయి, బావి నీళ్లు ఆపారు, వారికి సరుకులు అమ్మవద్దని కట్టడి చేశారు. కొందరు దెబ్బలు తిన్నారు. ఇదంతా పొరుగువారు చూస్తూనే ఉన్నారు. నోటితో చెప్పినదాన్ని వీరు బతుకులో భరించడం చూశాకే, అనేకులు ఆ యేసు ఎవరని అడిగారు.

తరువాత 1876-78 నాటి మహా కరువు వచ్చింది. క్లౌగారు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి దొరికేలా చేశారు. బోధకులే అక్కడ మేస్త్రీలు. పగలు మట్టి మోసి అలసి కూర్చున్నవారికి వారు మత్తయి 11:28లోని ప్రభువు పిలుపును వివరించారు. భారం మోసేవాళ్లకు, భారం మోసేవారిని పిలిచే ప్రభువును గూర్చి చెబితే ఎవరికి అర్థం కాదు? అయినా తిండి కోసం ఎవరూ రాకూడదని, ఏడాదికి పైగా బాప్తిస్మాలు ఆపేశారు. కరువు సహాయం ముగిశాక కూడా జనం తగ్గలేదు. 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏటిలో, ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. నీళ్లలో దిగి బాప్తిస్మం ఇచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులే, ఇద్దరిద్దరుగా వంతులేసుకుని. క్లౌగారు గట్టున ఉండి జరిపించారు.

ఆ సంఖ్య మనం గొప్పగా చెప్పుకుంటాం. కానీ ప్రియులారా, ఆ 2,222 మందిలో ప్రతి ఒక్కరి వెనుకా ఒక చిన్న సంభాషణ ఉంది. ఒక మామ అల్లుడికి చెప్పాడు. ఒక వదిన మరదలికి చెప్పింది. చెప్పులు కుడుతూ, నాట్లు వేస్తూ, సంతకు నడుస్తూ చెప్పుకున్నారు. దొరలు గుర్రం మీద ఒకసారి వచ్చి వెళ్లే పల్లెలో, రోజూ కలిసి బతికేవారి మాటే పనిచేసింది.

దోర్నకల్ బిషప్ అజరయ్యగారు ఈ సంగతి బాగా గ్రహించారు. బాప్తిస్మం పొందే ప్రతివారూ తమ చేతిని తమ తలమీద పెట్టుకుని, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ అనే భావంలో 1 కొరింథీయులకు 9:16ను తమ నోటితోనే పలకాలని ఆయన పద్ధతి పెట్టారు. వారిలో అక్షరం రాని కూలివారు ఎందరో. బోధకుడు, సభ్యుడు అనే తేడా ఆ మాటలో లేదు.

మరి భయం సంగతి? ధైర్యం ఉన్నవారే సాక్షులు అనుకుంటాం. అపొస్తలుల కార్యములు 4వ అధ్యాయం చదవండి. బెదిరింపులు విన్న సంఘం బెదిరింపులు తీసివేయమని అడగలేదు, వాటి మధ్యనే మాట్లాడే ధైర్యం ఇమ్మని అడిగింది. ధైర్యం అడిగి పొందేది. అది కూడా ఒంటరిగా కాదు, కూడి ప్రార్థించినప్పుడు. కొండ మీద ఆ అయిదుగురూ అలాగే అడిగారు.

ఒక మాట మాత్రం మరువవద్దు. సాక్ష్యమంటే ఎదుటివారి దేవుళ్లను దూషించడం కాదు, వాదించి నోరు మూయించడం కాదు, ఆశ చూపించడం అసలే కాదు. 1 పేతురు 3:15 సాత్వికముతో, భయముతో జవాబు చెప్పమంటుంది. అడిగినవారికి, వినే మనసున్నవారికి, మనకు ప్రభువు ఏమి చేశాడో అంతే చెప్పాలి.

ఈ వారం ఒక్క పని చేయండి. మీరు రోజూ నడిచే దారిలో, అంటే ఉపాధి హామీ పనిలో, పాల కేంద్రం దగ్గర, ఆటోలో, ఒక్కరి పేరు ఎంచుకుని ఆ పేరు పెట్టి ప్రార్థించండి. వారి కష్టం అడగండి, వారు చెప్పేది వినండి. వారు మీ నిరీక్షణకు కారణం అడిగిన రోజున, మీకు తెలిసినంత చెప్పండి. మిగిలినది తెలియకపోతే "రండి, అడుగుదాం" అని తీసుకురండి. పేరయ్య చేసింది అదే.

ప్రభువు మన నోళ్లకు ధైర్యమును, మన నడతకు సాక్ష్యమును దయచేయును గాక. ఆమేన్.