మిస్డ్ కాల్‌కు బదులెవరు? సోమశిల పల్లెలకు క్షయ మందుల యాప్

ఇంటిపట్టున మందులు వాడినా శానిటోరియంలో ఉన్నంత బాగానే క్షయ నయమవుతుందని మద్రాసులో 1956లో మొదలైన పరిశోధన 1959 నాటికి తేల్చింది. మదనపల్లె ఆరోగ్యవరం లాంటి చోట్ల నెలల తరబడి మంచం పట్టే అవసరం తగ్గింది. వైద్యం ఇంటికొచ్చింది, రోజూ బిళ్ళ మింగించే పూచీ కూడా ఇంటిమీదే పడింది. ఆ పూచీని ఇప్పుడు సోమశిల పల్లెల్లో ఫోనుకు, అందులోని యాప్‌కు అప్పగించాలని చూస్తున్నాం.

మన దేశంలో ఈ పనికి వాడిన వాటిలో పేరున్నది 99డాట్స్. దానికి స్మార్ట్‌ఫోను అక్కర్లేదు. బిళ్ళల అట్టకు కాగితపు కవరు తొడుగుతారు. బిళ్ళ నొక్కి తీస్తే వెనక దాగిన నంబరు కనిపిస్తుంది. దానికి ఉచితంగా కాల్ చేస్తే ఆనాటి డోసు నమోదైపోతుంది. తెలివైన ఏర్పాటే. కానీ మూత్ర పరీక్షలతో సరిచూస్తే లెక్క కుదరలేదు. బిళ్ళ వేసుకుని కాల్ చేయనివాళ్ళున్నారు, కాల్ చేసి బిళ్ళ వేసుకోనివాళ్ళూ ఉన్నారు.

నా అభ్యంతరం వేరు. ఆ కాల్ ఆఫీసుకు కబురు చెబుతుంది, రోగికి ఏమీ చెప్పదు. మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తర్వాత నాలుగు నెలలు మూడు. రిఫాంపిసిన్ వల్ల మూత్రం ఎర్రగా వస్తుంది. ముందే చెప్పకపోతే నెత్తురేమోనని హడలిపోయి మానేస్తారు. ఇంకొన్నాళ్ళకు దగ్గు తగ్గి, అన్నం సయిస్తుంది. ఇక మందులెందుకు అనిపిస్తుంది. అప్పుడు అలారం మోగి ఏం లాభం? అడిగితే బదులు చెప్పే గొంతు కావాలి, అదీ నెల్లూరు యాసలో. ఉదయగిరిలో చెక్క గరిటెలు చేసే ఇళ్ళకైతే ఉర్దూలో కూడా.

ఫోను ఇంట్లో నలుగురి చేతుల్లో తిరుగుతుంది. పెళ్ళికెదిగిన పిల్ల ఉన్న ఇంట్లో తెరమీద ‘టీబీ’ అని వెలిగితే అంతే సంగతులు. ‘అన్నం తిన్నావామ్మా?’ అని మెసేజీ వస్తే చాలు, తెలియాల్సినవాళ్ళకు తెలుస్తుంది.

పెన్న మీద సోమశిల జలాశయం దగ్గర్లోనే ఉన్నా, వెలిగొండల పక్క ఉదయగిరి మెట్టలో సేద్యానికి వానే దిక్కు. వాన లేకపోతే వలస. మూడో నెలలో చెన్నైకి పనికి పోయే తాపీ కూలీని అనుకుందాం. అతని పేరును అక్కడి కేంద్రానికి మార్చే వీలు, క్షయ రోగుల వివరాలు నమోదు చేసేందుకు 2012లో వచ్చిన ప్రభుత్వ వ్యవస్థ నిక్షయ్‌లో ఉంది. కానీ రాత్రి బస్సెక్కేవాడు ఆ సంగతి ఎవరికి చెబుతాడు? అందుకే యాప్‌లో ‘ఊరు మారుతున్నా’ అనే ఒక్క మీట కావాలి. కీప్యాడ్ ఫోనైతే ఇంకో నంబరుకు మిస్డ్ కాల్. వెంటనే ఆశా కార్యకర్త తిరిగి ఫోన్ చేసి, చేతిలో ఎన్నాళ్ళకు బిళ్ళలున్నాయో అడగాలి.

ఇన్ని పెట్టినా యాప్ ఎందుకు తెరుస్తారు? క్షయ రోగులకు ప్రభుత్వం ఇచ్చే పోషణ డబ్బు కోసం. 2018 ఏప్రిల్ నుంచి నెలకు 500 రూపాయలు, 2024 నవంబరు నుంచి 1000 బ్యాంకు ఖాతాలో వేస్తున్నారు. ఈ నెలది పడిందా లేదా అన్నది ఆ తెర చెప్పాలి. దాని కిందనే ఆ పూట బిళ్ళ సంగతి అడగొచ్చు.