రెండు వరసల మధ్య ఖాళీ

పోకేమాన్ తొలి గేమ్ ఇంగ్లిషులో ఆడినవాళ్లు ఒకటి గమనించే ఉంటారు. ఎవరితో మాట్లాడినా తెర కింద ఒక పెట్టె తెరుచుకుని, అందులో రెండు వరసల్లో మాటలు వస్తాయి. ఆ రెంటి మధ్య ఇంకో వరస పట్టేంత ఖాళీ ఉంటుంది. 160 పిక్సెళ్ల వెడల్పు, 144 పిక్సెళ్ల ఎత్తు ఉన్న గేమ్‌బాయ్ తెర మీద అంత చోటు ఎందుకు వదిలేశారు? జవాబు నాకు అభిమానులు తిరిగి కట్టిన గేమ్ ఆడుతున్నప్పుడు దొరికింది.

ముందు కొంచెం చరిత్ర. 1996 ఫిబ్రవరి 27న జపాన్‌లో రెడ్, గ్రీన్ అనే రెండు గేములు వచ్చాయి. సతోషి తజిరి చిన్నప్పటి పురుగులు పట్టే సరదా వాటికి మూలం. 1998లో అమెరికా వెళ్లాయి. 2004లో కంపెనీయే ఫైర్‌రెడ్, లీఫ్‌గ్రీన్ పేర్లతో కొత్త రంగుల్లో మళ్లీ తీసింది.

బెజవాడలో పెరిగిన నాకు చిన్నప్పుడు తెలిసింది టీవీకి తగిలించే నకిలీ వీడియో గేమూ, దాని క్యాసెట్లూ. పోకేమాన్ ఆడింది ఇంజనీరింగ్ రోజుల్లో, పెన్‌డ్రైవ్‌లో చేతులు మారి వచ్చిన ఎమ్యులేటర్ మీద. అసలు ప్రతి నా చేతికి ఎప్పుడూ రాలేదు. నాకు తెలిసినవన్నీ నకళ్లే.

ఇప్పుడు ఆడుతున్నది షిన్ పోకేమాన్ రెడ్. దీని వెనక ప్రెట్ అనే అభిమానుల బృందం చేసిన పని ఉంది. సోర్స్ కోడ్ చేతిలో లేకుండానే, క్యాసెట్‌లోని బైట్లను చదువుకుంటూ వెనక్కి వెళ్లి, మనిషి చదవగలిగే అసెంబ్లీ కోడ్‌గా రాశారు. దాన్ని బిల్డ్ చేస్తే అసలు గేమ్‌తో బైటుకు బైటు సరిపోతుంది. తాళపత్ర ప్రతులు పోల్చి చూసి శుద్ధప్రతి తయారుచేసే పరిష్కర్తల పని లాంటిదే ఇది. తేడా ఏంటంటే, ఇక్కడ ఒక్క అక్షరం మారినా కంప్యూటరే పట్టేస్తుంది.

ఆ ప్రతి మీద షిన్ తప్పులు దిద్దింది. ఉదాహరణకి ఫోకస్ ఎనర్జీ అనే మూవ్ క్రిటికల్ హిట్ అవకాశాన్ని నాలుగు రెట్లు పెంచాలి. పాత కోడ్‌లో బిట్లను ఎడమకు జరపాల్సిన చోట కుడికి జరిపారు, దాంతో అది నాలుగో వంతుకు పడిపోయేది. బలం కోసం వాడినవాళ్లంతా బలం పోగొట్టుకున్నారు. షిన్‌లో అది సరిగ్గా పనిచేస్తుంది. బొమ్మలు, ఊళ్లు, నడక మాత్రం పాతవే.

ఆ కోడ్ తిరగేస్తుంటేనే ఖాళీ సంగతి తెలిసింది. గేమ్‌బాయ్ తెర 8 పిక్సెళ్ల గళ్లుగా ఉంటుంది: అడ్డంగా 20, నిలువుగా 18. జపనీస్‌లో 'క' పక్కన రెండు చిన్న గీతలు పెడితే 'గ' అవుతుంది. అక్షరం ఒక గడిలో, ఆ గీతలు పై గడిలో గీసేవారు. ఖాళీ వరస ఉన్నది వాటికోసం. ఇంగ్లిషుకి వచ్చేసరికి గీతలు పోయాయి, చోటు మిగిలింది.

అది చదవగానే నాకు మన వొత్తులు గుర్తొచ్చాయి. ఇది కొత్త చిక్కేం కాదు. 1902లో మొదలైన కృష్ణాపత్రిక బందరు నుంచి వెలువడేది. సీసపు అక్షరాలు చేత్తో పేర్చే ఆ కాలంలో ఏ తెలుగు కంపోజిటరైనా రోజూ తేల్చుకోవాల్సినవి ఇవే: వొత్తుకి చోటెక్కడ, గుణింతాలకి ఎన్ని గళ్లు? ఇంగ్లిషు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ అచ్చులు దగ్గర పెట్టుకుని పత్రికలు నడిపారు.

గేమ్‌లో అక్షరాలకి కేటాయించినవి 128 గళ్లు. మన హల్లుల గుణింతాలే నాలుగు వందలు దాటతాయి. 'ఘౌ' ఎనిమిది పిక్సెళ్లలో పట్టదు. అక్షరానికి రెండేసి గళ్లు ఇస్తే వరసకి 18 బదులు తొమ్మిదే వస్తాయి. అయినా దారి ఉంది. రెండు వరసల్నీ ఒక్కో మెట్టు పైకి జరిపితే వొత్తులకి కింద చోటొస్తుంది. అవసరమైన అక్షరాల బొమ్మల్ని అప్పటికప్పుడు మెమరీలోకి తెచ్చుకుంటే 128 గళ్ల ఇరుకూ తగ్గుతుంది.

ఎవరు చేస్తారు? పోకేమాన్ ప్రధాన గేములు ఇప్పటిదాకా ఒక్క భారతీయ భాషలోనూ అధికారికంగా రాలేదు. అభిమానులు చేద్దామంటే చట్టం ఉంది. తొమ్మిదేళ్లు కష్టపడి అభిమానులు తయారుచేసిన పోకేమాన్ యురేనియం 2016 ఆగస్టులో విడుదలై, పదిహేను లక్షలకు పైగా డౌన్‌లోడ్లు దాటాక, నింటెండో తరఫు లాయర్ల నోటీసులతో ఆగిపోయింది. షిన్‌ని ప్యాచ్‌గా, అంటే మార్పుల చిట్టాగా పంచుతారు. అసలు గేమ్ ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి.

కంపెనీ హక్కును నేను కాదనను. కానీ హక్కుతో పాటు అందుబాటులో ఉంచే బాధ్యత కూడా ఉండాలి కదా. రెడ్‌ని 2016లో 3డీఎస్ మీద మళ్లీ అమ్మారు, 2023 మార్చిలో ఆ ఆన్‌లైన్ దుకాణంలో కొనుగోళ్లు ఆపేశారు. అచ్చులో లేని పుస్తకాన్ని నకలు రాసుకున్నవాళ్లే కాపాడారని మన సాహిత్య చరిత్ర తెలిసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

నేనిప్పటికి గీసింది క-గుణింతం, నాలుగు వొత్తులు. 'క్కా' చదవగలిగేలా వచ్చింది. 'క్షౌ' ఇంకా రావడం లేదు.