అధ్యాపక పీఠము నుండి ఆనకట్ట దాక: డాక్టరు కానూరి లక్ష్మణరావు

డాక్టరు కె. ఎల్. రావుగారిని మంత్రిగా ఎరిగినవారు పెక్కుమంది; అధ్యాపకులుగా ఎరిగినవారు కొలదిమంది. ఆయన జీవితమున విలువైన భాగము మంత్రిపదవికి పూర్వమే గడచినదనుట అతిశయోక్తి కాదు.

1902 జూలై 15న కృష్ణా జిల్లా కంకిపాడులో ఆయన జన్మించిరి. తొమ్మిదవ యేట తండ్రి గతించెను. బడిలో ఆటలాడుచుండగా తగిలిన దెబ్బకు ఒక కంటి చూపు పోయెను. గీతలతోను కొలతలతోను బ్రతుకు గడుపవలసిన వానికి అది చిన్న నష్టమా! అయినను మద్రాసు విశ్వవిద్యాలయమున ఇంజనీరింగులో మాస్టరు పట్టము పొందిన మొదటి విద్యార్థి ఆయనయే. రంగూనులో ఆచార్యులుగా బోధించిరి. 1939లో బర్మింగుహాం విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టమంది, పిదప ఇంగ్లండులోనే కొంతకాలము పాఠములు చెప్పిరి.

నిర్మాణశాస్త్రమును, ఇనుప ఊచల కాంక్రీటును గూర్చి ఆయన గ్రంథము రచించిరి. కాంక్రీటు ఒత్తిడిని ఓర్చును, లాగుడును ఓర్వలేదు. లాగుడు కలుగు చోట ఊచ ఆ భారమును మోయవలెను. ఆ శాస్త్రమునకు ఇదియే మూలము.

స్వదేశమునకు మరలి మద్రాసు ప్రభుత్వమున డిజైను ఇంజనీరుగా పనిచేసి, 1950లో ఢిల్లీ చేరి, కేంద్ర జల విద్యుత్ సంఘమున డిజైనుల డైరెక్టరుగాను, 1954 నుండి చీఫ్ ఇంజనీరుగాను ఉండిరి. నాగార్జునసాగర రూపకల్పనలో ఆయన పాత్ర గణనీయము. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ కట్టడమున సమస్య వేరు. రాతికట్టులో లాగుడును మోయుటకు ఊచలుండవు. కట్ట తన బరువుచేతనే నీటి త్రోపును ఆపవలెను. పునాది క్రిందికి చొరబడి కట్టను పైకెత్తజూచు నీటిని గూడ లెక్కకు తేవలెను. అందువలననే అడుగున వెడల్పై, పైకి పోవుకొలది సన్నగిలును. బల్లపై తప్పిన లెక్కను తుడిచివేయవచ్చును. నది నడుమ ఆ వీలు లేదు. సిమెంటు, యంత్రములు కొరతగానున్న ఆ దినములలో స్థానికముగా దొరకు రాతిని వేలాది కూలీలు పేర్చగా, కట్ట సుమారు 124 మీటర్ల యెత్తు లేచెను. 1967 ఆగస్టులో కాలువలకు నీరు వదలిరి.

విజయవాడ నుండి లోకసభకు ఎన్నికై, 1963లో ఆయన కేంద్రమున నీటిపారుదల, విద్యుత్ శాఖ మంత్రియైరి. 1972లో పాట్నా చెంత గంగ వరదనీటిని ఎత్తి, 2,640 కిలోమీటర్ల దారిలో కావేరికి చేర్చు ప్రణాళికను ముందుంచిరి. వ్యయమును, నీటిని ఎత్తుటకు వలయు విద్యుత్తును అధికమని అది ఆగిపోయెను. 1986 మే 18న ఆయన కన్నుమూసిరి. నాగార్జునసాగరమునకు దిగువన, కృష్ణపై పులిచింతల జలాశయమునకు ఇప్పుడు ఆయన పేరే గలదు.