జావా పడిన రోజు, బోధన్ చెరకు

1942 మార్చి 8న జపాన్ సేనలు రంగూన్‌లో అడుగుపెట్టాయి. అదే రోజు జావా దీవిలోని కలిజాతిలో డచ్చివాళ్లు లొంగిపోవడానికి ఒప్పుకున్నారు. భారతదేశానికి బర్మా బియ్యపు కొట్టు. జావా ఒకప్పుడు చక్కెర కొట్టు. రెండూ ఒకే రోజు శత్రువు చేతికి చిక్కాయి. అప్పటికి హైదరాబాద్ సంస్థానంలోని నిజామాబాద్ జిల్లాలో నిజాంసాగర్ కాలువల కింద వరి, చెరకు పక్కపక్కనే పెరుగుతున్నాయి. బోధన్ ఊరి చివర శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ గానుగలు తిరగడం మొదలై నాలుగేళ్లు కావస్తోంది.

ఆ ఫ్యాక్టరీ ఎందుకు పుట్టిందో తెలియాలంటే అంతకుముందరి యుద్ధం దాకా వెళ్లాలి. 1914లో బ్రిటన్ తినే చక్కెరలో సుమారు మూడింట రెండు వంతులు జర్మనీ, ఆస్ట్రియా-హంగరీల బీట్ దుంపల నుంచి వచ్చేది. ఆగస్టులో యుద్ధం ప్రకటించగానే ఆ దారి మూసుకుపోయింది. యుద్ధం మొదలైన పదహారు రోజులకే, ఆగస్టు 20న, చక్కెర సరఫరా కోసం బ్రిటన్ ఒక రాయల్ కమిషన్ వేసింది. ఫ్రాన్స్‌లో సైన్యాలు ఇంకా కందకాల్లోకి దిగనే లేదు, లండన్ దొరలకు చక్కెర బెంగ పట్టుకుంది. యూరప్ బీట్ దెబ్బతినడంతో చెరకు చక్కెరకు గిరాకీ పెరిగింది. జావా తోటల దశ తిరిగింది.

ఆ యుద్ధంలో హైదరాబాద్ సంస్థానం వంతు గుర్రాలు, మనుషులు, డబ్బు. నిజాం లాన్సర్లు 1914లోనే ఈజిప్టుకు ఓడెక్కారు. సూయజ్ కాలువ దగ్గర కాపలాతో మొదలైన వాళ్ల ప్రయాణం పాలస్తీనా దాకా సాగింది. ఢిల్లీ తీన్ మూర్తి దగ్గర నిలబడ్డ మూడు సిపాయి విగ్రహాల్లో ఒకటి హైదరాబాద్ వారిది.

యుద్ధం ముగిశాక జావా చక్కెర భారత బజార్లను ముంచెత్తింది. 1929 తర్వాత ప్రపంచమంతా ధరలు కూలిపోవడంతో మన బెల్లానికి, మన చెరకుకు నిలవడానికి చోటు లేకపోయింది. 1932లో ప్రభుత్వం చక్కెర పరిశ్రమ రక్షణ చట్టం తెచ్చి బయటి చక్కెర మీద హండ్రెడ్‌వెయిట్‌కు 7 రూపాయల 4 అణాల సుంకం వేసింది. దేశంలో అప్పటికి ముప్పై చిల్లర ఉన్న మిల్లులు కొద్ది ఏళ్లలోనే వంద దాటాయి.

నిజామాబాద్‌లో నీళ్లు అంతకుముందే సిద్ధమయ్యాయి. మంజీర మీద నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఆధ్వర్యంలో 1923లో మొదలైన నిజాంసాగర్ 1931లో పూర్తయింది. ఆయకట్టు సాగుకు గుంటూరు, కృష్ణా జిల్లాల నుంచి రైతులు తరలివచ్చారు. వాళ్లు దిగిన చోట్లకు 'క్యాంపు' అనే మాట తగులుకుని ఇప్పటికీ ఊళ్ల పేర్లలో ఉండిపోయింది. ఆ నీళ్లు, సుంకం నీడ, సంస్థానం పెట్టుబడి కలిసి 1937-38లో బోధన్ ఫ్యాక్టరీని నిలబెట్టాయి.

సుంకం ఆపింది జావా చక్కెరనే. జావా చెరకు మాత్రం వేరే దారిన వచ్చింది. కోయంబత్తూరు చెరకు కేంద్రంలో టి.ఎస్. వెంకటరామన్ బృందం జావా రకమైన పీఓజే 2878ని కో 290తో కలిపి కో 419 తయారు చేసింది. దక్కన్ నేలల్లో, కాలువ నీటి కింద బాగా ఎదిగి పేరు తెచ్చుకున్న రకం అది. గడ ఎంత బాగున్నా కొట్టిన తర్వాత ఎండలో రోజులు గడిస్తే రసంలో తీపి పడిపోతుంది, బరువు తగ్గుతుంది. ఫ్యాక్టరీ గేటు ముందు బండ్లు బారులు తీరి ఆగితే రైతు గుండె కొట్టుకునేది అందుకే.

అయితే ఈ గానుగలు మొదలైన వేళ మంచిది కాదు. మిల్లులు ఎక్కువై దేశంలో చక్కెర మిగిలిపోయింది. 1937లో లండన్‌లో కుదిరిన అంతర్జాతీయ చక్కెర ఒప్పందం ప్రకారం, బర్మాకు తప్ప, ఓడ మీద చక్కెర ఎగుమతి చేసే హక్కును భారత్ ఐదేళ్లపాటు వదులుకోవలసి వచ్చింది. ఆ గడువు తీరేలోపే యుద్ధం లెక్కలన్నీ తారుమారు చేసింది.

జపాన్‌కు కావలసింది చక్కెర కాదు, చమురు. చైనాలో 1937 నుంచి సాగుతున్న యుద్ధానికి జపాన్ వాడే చమురులో ఎక్కువ భాగం అమెరికాదే. 1941 జులైలో జపాన్ దక్షిణ ఇండోచైనాలోకి చొరబడగానే అమెరికా, దాని వెనకే బ్రిటన్, డచ్చి ప్రభుత్వం జపాన్ ఆస్తులు స్తంభింపజేశాయి. చమురు ఆగిపోయింది. ఇక సుమత్రా, బోర్నియో బావులే దిక్కు. అక్కడికి చేరాలంటే దారిలో ఉన్న మలయా, సింగపూర్ పడాలి.

డిసెంబరు 8 అర్ధరాత్రి దాటాక, పెర్ల్ హార్బర్ దాడికి సుమారు గంట ముందే, మలయా ఈశాన్య తీరాన కోటా బారు ఒడ్డుకు జపాన్ సైనికులు దిగారు. ఒడ్డున డోగ్రా పటాలం పోరాడింది. వెనక విమానాశ్రయానికి కాపలా నిజాం సైన్యంలోని 1వ హైదరాబాద్ ఇన్‌ఫాంట్రీది. ఆస్ట్రేలియా హడ్సన్ విమానాలు లేచి ఒక రవాణా ఓడను ముంచాయి. మధ్యాహ్నం దాటాక శత్రువు రన్‌వే దగ్గరికి వచ్చేశాడన్న పుకారు లేచింది. వైమానిక సిబ్బంది విమానాశ్రయం ఖాళీ చేశారు. ఆ గందరగోళపు వెనకడుగులో హైదరాబాద్ పటాలం కమాండర్ లెఫ్టినెంట్ కల్నల్ హెండ్రిక్స్ ప్రాణం కోల్పోయాడు. నిజాం విరాళంతో ఆయన రాజ్యం పేరు పెట్టుకున్న 152వ స్క్వాడ్రన్ స్పిట్‌ఫైర్‌లు అంతకు ఏడాది ముందే ఇంగ్లండ్ ఆకాశంలో జర్మన్లతో తలపడి కీర్తి గడించాయి. కోటా బారు పేరెత్తేవాళ్లు మాత్రం తక్కువ. హైదరాబాద్ యుద్ధచరిత్రలో ఆ రాత్రికి ఇంకా పెద్ద చోటు దక్కాలి.

రెండు నెలల్లో సింగపూర్ పడింది. ఫిబ్రవరి 27 జావా సముద్ర యుద్ధంలో మిత్రరాజ్యాల నౌకాదళం చితికిపోయింది. పది రోజులకే జావా, రంగూన్ చేజారాయి. బర్మా చమురు కూడా పోవడంతో చక్కెర మిల్లుల్లో మిగిలే మొలాసిస్‌ను పులియబెట్టి తీసిన ఆల్కహాల్‌ను పెట్రోల్‌లో కలిపే పద్ధతి దేశంలో ఊపందుకుంది. మిగిలిపోయిందని మొత్తుకున్న చక్కెరే ఇప్పుడు చాలలేదు. 1942లోనే బ్రిటిష్ ఇండియాలో చక్కెర మీద ధర, పంపిణీ నియంత్రణలు వచ్చాయి.

ఇంతకంటే లోతైన దెబ్బ బియ్యానిది. బర్మా గింజ ఆగిపోయాక హైదరాబాద్ సంస్థానం రైతుల దగ్గర ధాన్యం లెవీ వసూలు చేసింది. పెద్ద భూస్వాములు పలుకుబడితో తప్పించుకుంటే చిన్న రైతు ఇంట్లోని గింజలు కూడా ఊడ్చుకుపోయారు. లెవీ వ్యతిరేకత 1946లో రాజుకున్న తెలంగాణ సాయుధ పోరాటానికి ఒక ముఖ్య కారణమైంది. 1945 మే నెలలో రంగూన్ తిరిగి బ్రిటిష్ వారి చేతికి వచ్చినా నియంత్రణలు కొనసాగాయి. 1947 డిసెంబరులో భారత ప్రభుత్వం చక్కెర మీద కంట్రోల్ ఎత్తేసేసరికి తెలంగాణ పల్లెల్లో రైతుల సంఘాలు లెవీ ఇవ్వమని తెగేసి చెబుతున్నాయి.