భారతదేశంలో టెన్నిస్: చరిత్ర, విజయాలు, మన పల్లె పిల్లలకు ఉన్న దారి

పావగడ తాలూకా పల్లెలలో సాయంకాలం బడి మైదానానికి వెళితే కబడ్డీ, వాలీబాల్, క్రికెట్ ఆడే పిల్లలు కనిపిస్తారు. టెన్నిస్ బ్యాటు పట్టినవారు అరుదు. ఇది పట్టణాలలో కలిగినవారి పిల్లలు ఆడుకొనే ఆట అని పెద్దల అభిప్రాయం. అందులో కొంత నిజమున్నది. అయితే ఈ ఆట మన దేశంలో ఎక్కడ పుట్టి, ఎవరి చేతుల మీదుగా పెరిగినదో తెలుసుకుంటే, మన పిల్లలకు లోపించినది శక్తి కాదని, అందుబాటులో మైదానమేనని అర్థమవుతుంది.

ఆట వచ్చిన విధము

ఇంగ్లాండులో వింబుల్డన్ పోటీలు 1877లో మొదలైనవి. ఆ తరువాత కొద్ది సంవత్సరాలకే ఆంగ్లేయ అధికారులు, సైనికులు ఈ ఆటను మన దేశానికి తెచ్చినారు. లాహోరులో 1885లో, కలకత్తాలో 1887లో పోటీలు ప్రారంభమైనవి. 1920లో అఖిల భారత టెన్నిస్ సంఘం ఏర్పడినది. మరుసటి సంవత్సరమే భారత జట్టు డేవిస్ కప్‌లో తొలిసారి పాల్గొని ఫ్రాన్సును ఓడించినది. డేవిస్ కప్ అనగా దేశాల మధ్య జరిగే పురుషుల జట్టు పోటీ.

డేవిస్ కప్‌లో మూడు ఫైనళ్లు

భారత్ ఈ కప్‌ను ఇంతవరకు గెలువలేదు. మూడు పర్యాయాలు మాత్రం ఫైనలుకు చేరినది. 1966లో ఆస్ట్రేలియా చేతిలో 4-1 తేడాతో ఓడినది. ఆ పోటీలో రామనాథన్ కృష్ణన్, జయదీప్ ముఖర్జీల జంట న్యూకోంబ్, రోచ్ వంటి మేటి జంటను ఓడించినది. 1974లో ఫైనలు దక్షిణాఫ్రికాతో పడినది. అక్కడి ప్రభుత్వపు వర్ణవివక్షకు నిరసనగా భారత్ ఆడుటకు నిరాకరించి కప్‌ను వదులుకున్నది. 1987లో స్వీడన్ చేతిలో 5-0 తేడాతో పరాజయం పొందినది.

సింగిల్స్, డబుల్స్

ఒకరితో ఒకరు తలపడే సింగిల్స్‌లో ఆస్ట్రేలియన్, ఫ్రెంచ్, వింబుల్డన్, అమెరికన్ ఓపెన్ అనే నాలుగు గ్రాండ్‌స్లామ్ పోటీలలో భారతీయులెవరూ టైటిల్ సాధించలేదు. 1939లో గౌస్ మహమ్మద్ వింబుల్డన్ క్వార్టర్ ఫైనలు చేరినారు. రామనాథన్ కృష్ణన్ 1960, 1961 సంవత్సరాలలో వింబుల్డన్ సెమీఫైనలు ఆడి, రెండుమార్లూ ఆ ఏటి విజేత చేతిలోనే ఓడినారు. విజయ్ అమృత్‌రాజ్, రమేశ్ కృష్ణన్‌లు క్వార్టర్ ఫైనళ్ల వరకు వెళ్లినారు. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో లియాండర్ పేస్ కాంస్య పతకం పొందినారు. 1952 తరువాత భారతీయునికి దక్కిన తొలి వ్యక్తిగత ఒలింపిక్ పతకమిది.

ఇద్దరు చొప్పున ఆడే డబుల్స్‌లో మనవారి చరిత్ర వేరు. 1997లో మహేశ్ భూపతి జపాను క్రీడాకారిణి రికా హిరాకీతో కలిసి ఫ్రెంచ్ ఓపెన్ మిశ్రమ డబుల్స్ గెలిచి, గ్రాండ్‌స్లామ్ టైటిల్ పొందిన తొలి భారతీయుడైనారు. 1999లో పేస్, భూపతి నాలుగు గ్రాండ్‌స్లామ్ ఫైనళ్లకూ చేరి, ఫ్రెంచ్, వింబుల్డన్ గెలిచినారు. పేస్ మొత్తం 18, భూపతి 12 టైటిళ్లు సాధించినారు. కొడగు ప్రాంతానికి చెందిన రోహన్ బోపన్న 2024 జనవరిలో, 43 ఏళ్ల వయసులో, ఆస్ట్రేలియన్ ఓపెన్ పురుషుల డబుల్స్ గెలిచి ప్రపంచ ప్రథమ స్థానం అందుకున్నారు.

తెలుగు నేల నుండి

హైదరాబాదులో పెరిగిన సానియా మీర్జా 2005లో ఆ నగరంలోనే డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ గెలిచిన తొలి భారత మహిళ. 2007లో సింగిల్స్‌లో 27వ స్థానం, 2015లో డబుల్స్‌లో మొదటి స్థానం పొందినారు. ఆమె గ్రాండ్‌స్లామ్ టైటిళ్లు ఆరు. 2023లో ఆట నుండి విరమించినారు. కృష్ణా జిల్లా ఉయ్యూరులో పుట్టిన మైనేని సాకేత్ 2014 ఆసియా క్రీడలలో సానియాతో కలిసి మిశ్రమ డబుల్స్ స్వర్ణం గెలిచినారు. హైదరాబాదుకు చెందిన భమిడిపాటి శ్రీవల్లి రష్మిక 2025 ఏప్రిల్‌లో పుణెలో జరిగిన మహిళల జట్టు పోటీలలో ఆడిన ఐదు సింగిల్స్ ఆటలూ నెగ్గినారు.

వీరిలో పలువురి చరిత్రలో ఒక సామాన్య విషయమున్నది. రామనాథన్ కృష్ణన్‌కు తండ్రే గురువు. ఆయన కుమారుడే రమేశ్. సానియాకూ తండ్రి శిక్షణ ఇచ్చినారు. ఇంట్లో ఆట తెలిసినవారుండి, దగ్గరలో కోర్టు ఉన్నచోటనే క్రీడాకారులు తయారైనారు.

మన పొరుగున అనంతపురంలో

ఈ పరిస్థితిని మార్చే ప్రయత్నం మన పొరుగు జిల్లాలోనే జరిగినది. స్పెయిన్ క్రీడాకారుడు రఫెల్ నాదల్ పేరిటి ఫౌండేషన్, అనంతపురంలో 1969 నుండి పనిచేస్తున్న ఆర్డీటీ సంస్థతో కలిసి 2010లో ఒక టెన్నిస్ పాఠశాలను ప్రారంభించినది. నాదల్ స్వయంగా వచ్చినారు. పేద కుటుంబాల బాలబాలికలకు ఆటతోపాటు ఆంగ్లం, కంప్యూటరు పాఠాలు, పౌష్టికాహారం అందించుట దాని ఉద్దేశము. వేరుశనగ పండే ఇదే కరవు నేల మీద, మన వంటి ఇళ్ల పిల్లలు బ్యాటు పట్టినారు.

బడిలో ఏమి చేయవచ్చు?

పూర్తి కోర్టు పొడవు 23.77 మీటర్లు, డబుల్స్ వెడల్పు 10.97 మీటర్లు. ఇది నిర్మించుట ఖర్చుతో కూడిన పని. కాని చిన్నపిల్లలకు అది అవసరము లేదు. పది సంవత్సరాల లోపువారి అంతర్జాతీయ పోటీలలో సాధారణ పసుపు బంతిని వాడరాదని 2012 నుండి నియమమున్నది. తొలి దశలో నెమ్మదిగా వెళ్లే ఎర్ర బంతి, పొట్టి బ్యాటు, సుమారు 11 మీటర్ల పొడవున్న చిన్న కోర్టు చాలును. మన బడులలోని వాలీబాల్ కోర్టు 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు ఉంటుంది. అందులో ఈ కోర్టు సులభంగా ఇముడుతుంది. సున్నంతో గీతలు గీసి, వాలీబాల్ వలను నడుమకు దించి కట్టవచ్చు. ఒంటరిగా ఉన్నపుడు బడి గోడకు బంతి కొట్టి సాధన చేయవచ్చు.

తల్లిదండ్రులు మరొక జాగ్రత్త వహించవలెను. పోటీలు వయసుల వారీగా జరుగుతాయి కనుక జనన ధ్రువీకరణ పత్రము తప్పనిసరి. మన సరిహద్దు పల్లెలలో ఒకే పేరు కన్నడ దాఖలాలలో ఒక విధంగా, ఆంగ్లంలో మరొక విధంగా నమోదగుట సాధారణము. బడి రిజిస్టరు, ఆధార్, జనన పత్రము మూడింటిలో పేరు, తేదీ ఒకే విధంగా ఉన్నవో లేవో ముందే సరిచూసుకొనండి. బిడ్డ ఆడుటకు సిద్ధమైన నాడు కాగితము అడ్డు రాకూడదు.